పట్నము చూచివచ్చుట

రాజధానీనగరమును చూచివచ్చుట తెలుగు కుటుంబములకు తీర్థయాత్రకు కొంచెమే తక్కువయైన వేడుకగా ఉండిన కాలమొకటి కలదు. ఆ రాజధాని చెన్నపట్నము. వాడుకలో ఉత్త పట్నము. తిరుపతిలో మొక్కు చెల్లించుకొని బోడితలలతో, ప్రసాదపు మూటలతో రైలెక్కి వచ్చినవారును, హైకోర్టు వ్యాజ్యమునకై వకీలును కలిసికొన వచ్చుచు ఆలుబిడ్డలను వెంటబెట్టుకొనివచ్చిన కాపులును, ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో పొర తీయించుకొనవచ్చిన ముదుసలికి తోడుగా వచ్చిన కొడుకులు కోడండ్రును, వచ్చిన పని యెట్లు ముగిసినను, ఒక దినమును మాత్రము పట్నము చూచుటకని విడిగా ఉంచుకొనుచుండిరి. 1899లో బెజవాడనుండి మద్రాసునకు రైలుమార్గము ఏర్పడువరకు కోస్తాజిల్లాలవారికి బకింగుహాము కాలువ పడవలే ముఖ్యాధారము; దినములకొలది సాగెడి ఆ ప్రయాణమునకు స్త్రీలను, పిల్లలను కేవలము వినోదార్థము తోడ్కొనివచ్చు సాహసికులు అరుదు. కావున ఈ ఆచారము మనము తలచునంత ప్రాచీనమైనది కాదు, రైలు తెచ్చిపెట్టినది.

సెంట్రల్ స్టేషనులో దిగి, ఎదుటనున్న రామస్వామి మొదలియారు సత్రములో సామాను దించి, స్నానపానాదులు ముగించుకొన్న కుటుంబమునకు దర్శనీయములలో తొలిది అడుగుదూరములోనే ఉండెడిది. స్టేషనును ఆనుకొనియున్న పీపుల్సు పార్కులోని జంతుప్రదర్శనశాలను మనవారు బతికిన కాలేజీ యనియు, ఎగ్మూరులోని మ్యూజియమును చచ్చిన కాలేజీ యనియు పిలుచుచుండిరి. చదువుకొన్నవారు ఈ పేర్లు విని నవ్వుకొనుట వాడుకయే గాని, చరిత్ర తెలిసినవారికి ఇందులో నవ్వదగినది ఏమియు కానరాదు. ఏలయన ఆ మ్యూజియము నిజముగా కాలేజీలోనే పుట్టినది, ఆ మృగశాల నిజముగా ఆ మ్యూజియము కడుపుననే పుట్టినది.

ఇంగ్లండునుండి వచ్చిన పడుచు దొరలకు దేశభాషలు నేర్పుటకై 1812లో నెలకొల్పబడిన సెంటుజార్జికోట కాలేజీ తెలుగువారికి పరాయిది కాదు. 1816లో వెలువడిన కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు దొర ఉపోద్ఘాతము వ్రాసి, తెలుగు మొదలగు దక్షిణదేశభాషలు ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందినవని నిరూపించినది ఈ కాలేజీ పండితుల సాహచర్యముననే. మరుసటి సంవత్సరము చెన్నపట్నమున అడుగుపెట్టిన సి. పి. బ్రౌను తెలుగు ఓనమాలు దిద్దినదియు ఇచ్చటనే. ఈ కాలేజీ మేడమీదనే 1851లో, మద్రాసు లిటరరీ సొసైటీవారి ప్రార్థనమీద, కొన్ని రాళ్లను, ఖనిజములను చేర్చి ఒక మ్యూజియమును తెరచిరి. దాని అధికారిగా నియమింపబడిన ఎడ్వర్డు బాల్ఫోరు అను వైద్యుడు బహువిధ విషయములందు అభినివేశము గలవాడు. మేడ చాలకపోగా 1854లో మ్యూజియము ఎగ్మూరులోని పాంథియను భవనమునకు తరలినది. పూర్వము దొరలు దొరసానులు నాట్యములకు, నాటకములకు చేరుచుండిన ఆ భవనము ఒక అర్మీనియను వర్తకుని చేతికి పోయి, అతనివలన 1830లో సర్కారువారి స్వాధీనమైనది.

రాళ్లను చూచుటకు జనులు గుంపులుగా రారని బాల్ఫోరు త్వరలోనే గ్రహించెను. అతడు ఒక పెద్దపులిని, ఒక చిరుతపులిని తెప్పించి ఆవరణలో కట్టించినంతనే, అంతవరకు ఆ వంక తొంగిచూడనివారు సైతము తండోపతండములుగా రాసాగిరి. కర్ణాటక నవాబుగారి మృగములనుగూడ అతడు మ్యూజియమునకు సంపాదించెను. 1855లో ఆరంభమైన జంతుశాల మరుసటి యేటికే మూడువందలకు మించిన మృగపక్షిసర్పములతో నిండినది. ఇంతమందికి పాంథియను తోట ఇరుకుకాగా, గవర్నరు ట్రెవెలియను వేయించిన పీపుల్సు పార్కునకు కొలది సంవత్సరములలో ఆ జీవరాశి తరలినది. పులిని చూపి రాతివద్దకు పిలుచు ఈ ఉపాయమును మ్యూజియపు గౌరవమునకు తగనిదని కొందరనవచ్చును. నాకు మాత్రము అది ఆనాటి పరిపాలకులు జనుల మనస్సెరిగి చేసిన స్వల్పకార్యములలో నొకటిగా తోచుచున్నది.

మ్యూజియములో మన కుటుంబము వేటికడ ఆగెడిదో ఊహించుట కష్టము కాదు. పైకప్పునుండి వ్రేలాడు తిమింగలపు అస్థిపంజరముక్రింద పిల్లలు నోరు తెరచి నిలువబడుదురు. పూర్వపు ఆయుధములకడ మగవారు, నగలకడ ఆడువారు తడయుదురు. అమరావతి శిల్పములున్న గదిని మాత్రము చాలమంది, కాళ్లు నొచ్చియో ఆకలి వేసియో, వడివడిగా దాటిపోవుచుండిరి. గుంటూరు మండలమునుండి వచ్చినవారును ఇందుకు మినహాయింపు కారు.

ఆ రాళ్ల కథ విచారకరమైనది. పదునెనిమిదవ శతాబ్ది చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరేశ్వరుని సన్నిధిని నూతన నగరము కట్టించుచు, సమీపమున దీపాలదిన్నె యని జనులు చెప్పుకొనెడి మిట్టనుండి ఇటుకలను, పలకలను త్రవ్వించిరి. ఆ దిన్నె బౌద్ధ మహాస్తూపమని ఎవరికిని తెలియదు. పలకలలో కొన్ని మెట్లయ్యెను, కొన్ని సున్నపుబట్టీ పాలయ్యెను. దేవాలయములు కట్టించి పేరుగాంచిన దాతచేతనే ఇంత పని జరుగుట విధివిలాసము. కర్నలు మెకంజీ తొలుత చూచిపోయి, 1816లో చిత్రకారులతో మరల వచ్చునప్పటికి స్తూపమధ్యమున చెరువు త్రవ్వియుండిరి. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి పంపిన పలకలు మద్రాసు చేరి, సెంటుజార్జికోట కాలేజీ ముందరి పచ్చికమీదనే ఎండవానలకు పడియుండెను. 1859లో వానిలో సుమారు 120 ఓడనెక్కి లండను చేరి, అచ్చటను కొంతకాలము అనాదరమునకు గురియై, తుదకు బ్రిటిషు మ్యూజియమునకు పోయినవి. 1880 తరువాత జేమ్సు బర్జెసు మరల శోధించి పంపిన వానితో మద్రాసు సంగ్రహము పెరిగినది. జగ్గయ్యపేట మాంధాతృచక్రవర్తి ఫలకమును, భట్టిప్రోలు ధాతుకరండములును, పలనాటి గోలి శిల్పములును ఒక్కొక్కటిగా ఆ గూటికే చేరినవి. అయినను ఒక అధికారి అమరావతి పలకలను గోడలలో సిమెంటుతో అతికించి, వానిని విడదీయుట తరువాతివారికి ఒక శిక్ష చేసిపెట్టెను.

మదించిన నాలగిరి గజము వీధిలో జనులను త్రొక్కుచు వచ్చి బుద్ధుని పాదములకడ మోకరిల్లు దృశ్యమును ఒకే వృత్తములో పలనాటి రాతిపై చెక్కిన అమరావతి శిల్పి పేరు తెలియదు. పరుగిడువారి వెరపు, గవాక్షములనుండి తొంగిచూచు స్త్రీల తొట్రుపాటు, ఏనుగు రెండు అవస్థలును అందు ఏకకాలమున కనబడును. కృష్ణాతీరమున పుట్టిన శిల్పమును కృష్ణాతీరమువారు చూడవలెనన్న కూవమునది యొడ్డునకు రావలసివచ్చినది. వచ్చియు నిలిచి చూచినవారు కొందరే.

కొందరు సందర్శకులను మ్యూజియమే చూచిన సందర్భమును కలదు. 1885 మొదలు 1908 వరకు అధికారిగా నుండిన ఎడ్గారు థర్స్టను కులములను, జాతులను గూర్చి ఏడు సంపుటముల గ్రంథము కూర్చినవాడు. అతడు కొలతకఱ్ఱలు చేతబూని, వేడుక చూడవచ్చిన మనుష్యుల ముక్కులను, పుఱ్ఱెలనుగూడ కొలుచుచుండెను.

మధ్యాహ్నము దాటగనే జట్కా ఎక్కి పట్నములోని దీవికి పోయి మన్రో దొర గుఱ్ఱపు విగ్రహమును చూచుట క్రమము. దత్తమండలములవారికి ఈ విగ్రహమన్న ప్రత్యేకాదరము. 1800 మొదలు ఏడేండ్లు ఆ సీమను ఏలి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించిన మన్రో, గవర్నరైన పిదప 1827 జులై 6న పత్తికొండలో కలరాకు బలియయ్యెను. గండి క్షేత్రమున పాపఘ్నికి అడ్డముగా కట్టిన బంగారు తోరణము ఆయన కన్నులకు కనబడెననియు, దానిని చూచినవాడు ఎక్కువ కాలము బ్రతుకడనియు కడపజిల్లావారు చెప్పుకొందురు. పిల్లలకు మన్రో పేరు పెట్టుకొనినవారును ఆ సీమలో కలరు. విగ్రహమును చెక్కిన చాంట్రీ రికాబులు మరచి, సిగ్గుతో ప్రాణము తీసికొనెనని జట్కావాడు చెప్పెడి కథ మాత్రము శుద్ధ కల్పితము. లండనులోని నాలవ జార్జి విగ్రహమునకును ఆయన రికాబులు పెట్టలేదు. 1839లో ఈ విగ్రహము నిలిచిన పిదప రెండేండ్లకు ఆయన సహజమరణమునే పొందెను.

పిమ్మట హైకోర్టు శిఖరమునందలి దీపస్తంభము, సముద్రపుటొడ్డున 1909లో తెరచిన చేపలశాల, ఇసుకలో సుండలు. ఇంతతో దినము చెల్లెడిది. ట్రాము చార్జీలను గూర్చి భార్యాభర్తలకు వాదము రాకుండిన సంసారములు తక్కువ.

1952 అక్టోబరు 19న మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేకాంధ్రరాష్ట్రమునకై నిరాహారదీక్షకు కూర్చుండి, డిసెంబరు 15 రాత్రి అసువులు బాసిరి. మరుసటి సంవత్సరము అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. రాయపేట హైరోడ్డునందలి ఆ గృహము స్మారకమై, పట్నములో చూడవలసిన వాని పట్టికలో కడపట చేరినది. ఆ పట్టిక మాత్రము నానాటికి పొట్టియగుచు వచ్చెను. 1953లోనే ట్రాములు ఆగిపోయినవి. 1985లో సెంట్రల్ స్టేషను ప్రక్కనుండిన మూరుమార్కెటు బజారు దగ్ధమాయెను. ఆ యేడే జంతుశాల పట్నమునకు దూరముగా వండలూరికి పోయినది.

కర్నూలులో చూడదగిన మ్యూజియము లేకపోయెను. మూడేండ్లకు రాజధాని హైదరాబాదునకు మారగా కుటుంబములు అటు ప్రయాణము కట్టినవి. అక్కడ బాగేఆంలో, 1930లో నిజాము తెరచిన మ్యూజియమును, జంతుశాలయు ఒకే తోటలో ఉండుట, ఎవరు ఎవరివద్ద నేర్చిరో గాని, బాల్ఫోరు ఏర్పాటువంటిదే. 1951లో నెహ్రూ ప్రారంభించిన సాలారుజంగు మ్యూజియము 1968లో మూసీయొడ్డున నేటి భవనమునకు చేరెను. 1963లోనే పాతబస్తీ అవతల కొత్త జంతుశాల తెరచియుండిరి. నల్లగొండనుండియో, ఒంగోలునుండియో వచ్చిన కుటుంబము ఉదయము పులులను చూచి, అన్నము మూట విప్పి భుజించి, గంట కొట్టెడి గడియారపు బొమ్మకై సాలారుజంగు మ్యూజియములో పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టుట అప్పటినుండి వాడుకయైనది.