కొల్లేటి సరిహద్దు

కృష్ణా గోదావరులు ఒండ్రు పేర్చి సముద్రమును వెనుకకు నెట్టుచు వచ్చిన కాలమున, రెండింటి నడుమ పూడక మిగిలిన పల్లమే కొల్లేరు. దండి దశకుమారచరిత్రమున ఆంధ్రనగరము చెంత వర్ణించిన మహాసరస్సు ఇదియేయని పండితులు కొందరు తలంతురు. 634వ సంవత్సరపు ఐహోళె శాసనమున పులకేశి యుద్ధమునకు రంగమైన కునాల సరస్సు నిదియే యందురు. నెత్తురు కలిసిన నీటిమాట శాసనమున కెక్కినది గాని, ఆ నీరు ఏటేట చేయు మేలును ఎవ్వరును రాతిపై చెక్కింపలేదు.

ఆ మేలు ఎట్టిదనగా: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మెట్టనుండి తెచ్చు వరదయు, డెల్టా మురుగుకాలువల నీరును ఇచ్చటనే దిగును. తుంగ, కిక్కిస దుబ్బుల నడుమ నిలిచి, మట్టిని అడుగున దింపి, తేరుకొని, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేటి మీదుగా మెల్లగా కడలి చేరును. సరస్సు నిండుగా నున్నంతకాలము ఆ ప్రవాహము సముద్రపు పోటును ఎదిరించును. నీరు తగ్గెనా, ఉప్పునీరు ఏటివెంట ఎగబ్రాకి వచ్చును. తీరగ్రామముల మంచినీటి చెరువులును నూతులును ఉప్పనగును. వేసవిలో బిందె చంకనెత్తుకొని దూరము నడచు ఇల్లాండ్రకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు ముగిసినవి. డెల్టా మాగాణియైనది, మాగాణి త్రాగి విడిచిన నీటిలో చాలపాలు కొల్లేటి కొచ్చెను. కావున వరి పండించు గ్రామములు పెక్కింటికి ఈ సరస్సుతో లెక్క గలదు.

1970ల నుండి సరస్సున చేపల చెరువుల గట్లు లేచినవి. జాలరుల సహకార సంఘముల పేర మొదలైన చెరువులు క్రమముగా లీజులమీద కలవారి చేతులలో పడెను. గట్టు లేచిన మేర నీరు నిలుచు చోటు తగ్గెను. పారు దారియు ఇరుకాయెను. 1999లో సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు గల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 2002లో కొల్లేరు రామ్‌సార్ పట్టికలో చేరెను. పటమున గీత గీయుట సులభమే. నేలమీద హద్దు నిలుపుట యెంత పనియో సర్వేరాళ్ల తగవు లెరిగినవారికి తెలియును. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞతో గట్లు కూల్చిరి. జిరాయితీ భూమి గలవారు పరిహారమునకై మొఱపెట్టిరి; ఆ మొఱ త్రోసివేయదగినది కాదు. ఈలోపల కొన్నిచోట్ల గట్లు మరల లేచినవి.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు గట్లు తెగి విజయవాడలో పేటలకు పేటలు నీట మునిగెను. ఆ వరద కొల్లేటికి దిగి లంకగ్రామముల దారులను ముంచెను. సముద్రమునకు పోవ ఆ నీటికి ఉప్పుటేరు ఒక్కటే దారి.