గని కార్మికుల చీటీలో గ్రీకు మాట

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినా, అందులో పనిచేసినవారి వైద్య చీటీలలో ఒక గ్రీకు పదం నేటికీ ఎదురుకావచ్చు: న్యుమోకోనియోసిస్. విడదీస్తే న్యుమోన్ అనగా ఊపిరితిత్తి, కోనిస్ అనగా ధూళి, ఓసిస్ అనగా రుగ్మత. ఆ ధూళి రాతిలోని సిలికా అయితే సిలికోసిస్. దీని తల లాటిన్, తోక గ్రీకు. ఇట్టి సంకర పదాలు ఆంగ్లంలో కొల్లలు.

క్షయకు పేరైన ట్యుబర్‌క్యులోసిస్‌కూ అదే తోక. అంతమాత్రాన జబ్బులు ఒకటి కావు. క్షయ, మందులు పూర్తికాలం వాడితే సాధారణంగా నయమవుతుంది. సిలికోసిస్ వల్ల ఊపిరితిత్తులలో పడిన మచ్చలు పోవు. పైగా ఆ మచ్చలున్నవారికి క్షయ తేలికగా సోకుతుంది. కనుక దగ్గు తగ్గనప్పుడు తెమడ పరీక్ష చేయించండి. గనిలో ఎన్నేళ్ళు, ఏ పని చేశారో వైద్యునికి తప్పక చెప్పండి.