ప్రాణం నిలుపుకునే జట్టు ఆటలు: గోదావరిఖని బొగ్గుబెల్టు

తోటివారి అండతో ప్రాణం కాపాడుకుంటూ చివరిదాకా నిలిస్తేనే గెలుపు అనే ఆటలు తెలుగునాట తరతరాలుగా ఉన్నాయి. పులి–మేక, చెడుగుడు వీటిలో పాతవి, పబ్జీ కొత్తది. ఇవన్నీ గోదావరిఖని బొగ్గుబెల్టులో కనిపిస్తాయి.

1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ 1960ల నాటికి గోదావరిఖనిలో బొగ్గు బాయిలు తెరిచింది. పల్లెల నుంచి కార్మికులు వచ్చి కంపెనీ క్వార్టర్లలో స్థిరపడ్డారు. తర్వాత వారసత్వ ఉద్యోగాలతో తండ్రి దిగిన బాయిలోకే కొడుకూ దిగాడు. పెద్దల ఆటలు పిల్లలకు అందడానికి ఈ క్వార్టర్ల కంటే అనువైన చోటు అరుదు.

పులి–మేకకు బండపై బొగ్గుముక్కతో గీసిన పటం చాలు. త్రికోణం, అడ్డగీతలు, 23 కూడళ్లు. ఒకరివి 3 పులులు, ఇంకొకరివి 15 మేకలు. చింతగింజలు, గులకరాళ్లే పావులు. పులి మేక మీదుగా దూకి అవతలి ఖాళీ కూడలిలో పడితే ఆ మేక చచ్చినట్టే. వెనక మరో మేక ఉంటే దూకలేదు. ఒంటరి మేక ఎర, జంట మేకలు గోడ. మేకలన్నీ పరిచేదాకా ఒక్కదాన్నీ కదపకూడదు. ఆ ఓపిక పట్టడంలోనే ఆట రుచి ఉంది. ఆడేది ఇద్దరే అయినా చుట్టూ చేరినవాళ్లంతా ఎత్తులు చెబుతారు. గుడి మండపాల బండలపై చెక్కిన పటాలు ఈ ఆట పాతదనానికి సాక్ష్యం.

పులి–మేకలో చచ్చిన మేక తిరిగి రాదు. చెడుగుడులో అవుటైన ఆటగాడు వస్తాడు. ఏడుగురి జట్టులో అవుటైనవాడు, తనవాళ్లు ఎదుటివారిలో ఒకరిని పడగొట్టగానే మళ్లీ బరిలోకి దిగుతాడు. కబడ్డీ పేరుతో 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో చోటు దక్కిన ఈ ఆటను సింగరేణి వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ కార్మికుల పోటీల్లోనూ ఆడిస్తోంది.

ఇక కొత్త ఆట పబ్జీ. 2012లో వచ్చిన డేజీ అనే కంప్యూటర్ ఆటకు మార్పులు చేసి బ్రెండన్ గ్రీన్ తయారుచేసిన పోరాట ఆట తర్వాత దీనికి దారితీసింది. 2018లో అది మొబైల్‌లోకి వచ్చింది. 100 మంది దీవిపై దిగుతారు, సురక్షిత వలయం కుంచించుకుపోతుంది. నలుగురి స్క్వాడ్‌లో ఒకడు నేలకూలితే ఇంకొకడు పక్కన కూర్చుని లేపాలి. ఆ కొద్ది సెకన్లలో తనకే తూటా తగలవచ్చు. తాత ఆడిన చెడుగుడుకూ మనవడి ఫోన్‌కూ ఉన్న చుట్టరికం ఇదే: పడినవాణ్ని వదిలేసి గెలవడం కష్టం.

కేంద్రం 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చి, 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి తొలగి, 2023 మేలో మళ్లీ అందుబాటులోకి వచ్చింది. అప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల హద్దు పెట్టారు. చదువుకునే పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులు ఈ హద్దును ఇంకా తగ్గించాలి.