రోమ్‌లో జబ్బు, బందరులో బెంగ

ఏప్రిల్ 21తో పోపు ఫ్రాన్సిస్ కన్నుమూసి ఏడాది. సందర్భం చూసి ఓ వ్యాసం రాయమన్నారు సంపాదకులు, గడువు కూడా వాళ్ళే పెట్టారు. పోపుల గురించి మా ఊరు ఘంటసాల నుంచి రాసేదేముంటుందని మొదట అనుకున్నాను గానీ, నిరుడు ఆయన 38 రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఊళ్ళో విన్న మాటలు గుర్తుకొచ్చాయి. గుడి అరుగు మీద కూర్చునే పెద్దలు ఆర్సీఎం వాళ్ళెవరు కనబడినా, "ఏవయ్యా, మీ పోపుగారికి ఎట్టా ఉందంట?" అని ఆరా తీసేవాళ్ళు. సీఎస్‌ఐ వాళ్ళకి పోపుతో పనే లేదు, అయినా వాళ్ళూ అడిగారు. ఎక్కడో రోమ్‌లో ఓ ముసలాయన ఆయాసపడుతుంటే కృష్ణా డెల్టాలో ఇంతమంది పూటపూటా వాకబు చేయడం పాత అలవాటేం కాదు. చావు కబురు ఎంత ఆలస్యమైనా వస్తుంది. జబ్బు కబురు మాత్రం మనిషి ఇంకా బతికుండగానే రావాలి. అది ఈ తీరానికి చేరడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

రోమ్ మాకు కొత్త ఊరేమీ కాదు. రెండో శతాబ్దంలో టాలెమీ అనే భూగోళ పండితుడు మా ఊరిని కంటకోస్సుల అని రాసి, పెద్ద వర్తక కేంద్రమన్నాడు. అప్పటికి రోమ్‌లో క్రైస్తవులు చాటుమాటున బతుకుతున్నారు, ఘంటసాల బౌద్ధుల ఊరు. రెండిటికీ వర్తకం కుదిరింది గానీ వరస కలవలేదు. ఆ తర్వాత ఓ పదిహేను వందల ఏళ్ళు వదిలేద్దాం. సముద్రమే వెనక్కి జరిగిపోయి మా రేవు పొలమైపోయింది, చరిత్రకారులు కూడా ఆ మధ్యకాలంలో మా వైపు పెద్దగా తొంగిచూడలేదు.

బందరుకి 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఇద్దరూ పోపుని ఒప్పుకోని జాతులే. రోమ్‌ని నమ్మినవాళ్ళ జెండా బందరు కోట మీద గట్టిగా ఎగిరింది 1750 నుంచి 1759 దాకా, ఫ్రెంచివాళ్ళ హయాంలో. ఆ రోజుల్లోనే, 1758 మే 3న, పద్నాలుగో బెనెడిక్ట్ పోపు పోయారు. యూరప్ నుంచి ఓడ ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి రావాలంటే ఆరేడు నెలలు. అంటే ఆయన మంచం పట్టిన సంగతి, పోయిన సంగతి, కొత్త పోపు వచ్చిన సంగతి అన్నీ ఒకే ఉత్తరాల సంచిలో దిగే కాలమది. ఆ సంచి తీరం చేరేసరికి ఇంగ్లీషు సైన్యంతో కల్నల్ ఫోర్డ్ ఈ దారి పట్టి ఉంటాడు. 1759 ఏప్రిల్‌లో కోట పట్టేశాడు. పోయిన పోపు కోసం ఏడ్చే తీరిక ఫ్రెంచివాళ్ళకి ఉండి ఉండదు. నలభై ఏళ్ళ తర్వాత ఆరో పయస్ పోపు 81 ఏళ్ళ వయసులో, నడవలేని స్థితిలో, ఫ్రెంచి సైన్యం చేతిలో బందీగా వాలెన్స్‌లో చనిపోయారు. ఆ కబురూ అదే వేగంతో నడిచింది.

దారి మార్చింది టెలిగ్రాఫు. 1865లో పర్షియా సింధుశాఖ మీదుగా, 1870లో సూయెజ్ నుంచి బొంబాయికి సముద్రం అడుగున తీగ పడ్డాక, యూరప్ సంగతులు మనకి గంటల్లో చేరడం మొదలైంది. అందుకే 1903 జూలైలో పదమూడో లియో జబ్బుపడితే ప్రపంచం మొత్తం రెండు వారాలపాటు ఆయన మంచం చుట్టూ కూర్చుంది. రోజూ వైద్యుల ప్రకటనలు, వాటి మీద పత్రికల ఊహాగానాలు, ప్రాణం ఉండగానే పోయారన్న వార్తలు. 93 ఏళ్ళ మనిషి. 1878లో ఎన్నికైనప్పుడు 67 ఏళ్ళు, నాజూకైన ఆరోగ్యం, ఎన్నాళ్ళో ఉండడులే అనుకున్నారట కార్డినళ్ళు. పాతికేళ్ళు ఏలి, తనను ఎన్నుకున్నవాళ్ళలో దాదాపు అందరినీ సాగనంపి, జూలై 20న వెళ్ళిపోయారు. 1886లో హైదరాబాదును మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, చేసింది ఈయనే. బందరు, దివిసీమ కూడా అప్పుడు ఆ గొడుగు కిందే ఉండేవి. లియో పోయేనాటికి 'కృష్ణాపత్రిక' బందరులో పుట్టి ఏడాదిన్నర.

నన్నడిగితే ఈ కథలో అసలైన మనిషి ఆయన కాదు, పదకొండో పయస్. అసలు పేరు అకిలే రత్తి. మిలాన్ దగ్గర దేసియోలో పుట్టారు. కుర్రతనంలో ఆల్ప్స్ శిఖరాలెక్కారు, తర్వాత గ్రంథాలయాల్లో పాత రాతప్రతుల మధ్య సగం జీవితం గడిపారు. మిలాన్‌కి అగ్రపీఠాధిపతి అయిన కొద్ది నెలలకే, 1922లో పోపు అయ్యారు. గుణదల కొండ మీద 1924లో మరియమాత స్వరూపం నిలిపిన ఫాదర్ ఆర్లాటి, బెజవాడ చుట్టుపక్కల తిరిగిన ఇటలీ ఫాదర్లు మిలాన్‌లో వేళ్ళున్న పీమే అనే మిషనరీ సభవాళ్ళు. 1926లో మిలాన్, రోమ్ శిక్షణాలయాలు రెండిటినీ కలిపి ఆ సభకి ఇప్పటి రూపం ఇచ్చింది ఈ పోపే. కాబట్టి మన డెల్టాలో ఉన్న ఆ ఫాదర్లకి ఆయన జగద్గురువే కాదు, తమ వైపు మనిషి కూడా.

1931 ఫిబ్రవరి 12న మార్కోనీని పక్కన పెట్టుకుని వాటికన్ రేడియో మొదలుపెట్టింది కూడా ఆయనే. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ రేడియోలో తన జబ్బునే వినిపించాల్సి వచ్చింది. 1936 డిసెంబరులో మంచాన పడ్డారు. గుండె బలహీనం, కాళ్ళలో నరాలు ఉబ్బి పుండ్లు. క్రిస్మస్ ముందురోజు మంచం మీద నుంచే లోకానికి మాట్లాడారు. ఆ గొంతులో నీరసాన్ని దేశదేశాలు విన్నాయి. పోపు జబ్బును కబురుగా చదవడం పోయి చెవులతో వినడం అక్కడ మొదలైందని నా లెక్క.

పోయారనుకున్న మనిషి లేచి కూర్చున్నారు. 1937 మార్చిలో హిట్లర్ ప్రభుత్వాన్ని తప్పుపడుతూ జర్మన్ భాషలో లేఖ రాయించి, గుట్టుగా అచ్చు వేయించి, ఒకే ఆదివారం జర్మనీ చర్చిలన్నిటిలో చదివించారు. అది జరిగిన నెలలోపే, ఏప్రిల్ 13న, బెజవాడను మేత్రాసనం చేశారు. నేటి విజయవాడ పీఠం పుట్టింది అలా జబ్బు నుంచి సగం తేరుకున్న మనిషి సంతకంతో. మరుసటేడు మే నెలలో హిట్లర్ రోమ్‌కి వస్తే, ఆయన వాటికన్ మ్యూజియంలకి తాళం వేయించి, వేసవి విడిదికి వెళ్ళిపోయారు. అతిథి ఇంటికొస్తున్నాడని తెలిసి తలుపు వేసుకుని పొరుగూరు వెళ్ళడం మన పల్లెల్లో ఎంత మాటో చెప్పక్కర్లేదు.

1938 నవంబరు 25న ఒకే రోజు రెండుసార్లు గుండెపోటు. అప్పటికి ఆయన మనసంతా ఒక్క తేదీ మీద ఉంది: 1939 ఫిబ్రవరి 11. ముస్సోలినీతో కుదిరిన లాటరన్ ఒప్పందానికి ఆ రోజుతో పదేళ్ళు. ఇటలీ పీఠాధిపతులందరినీ రోమ్‌కి పిలిపించారు. వాళ్ళ ముందు చదవడానికి ప్రసంగం స్వయంగా రాసుకున్నారు, అచ్చుకీ ఇచ్చారు. ఆ రోజు దాకా తనను ఎలాగైనా నిలబెట్టమని వైద్యుల్ని బతిమాలారని చెబుతారు. ఒక్కరోజు తక్కువైంది. ఫిబ్రవరి 10 తెల్లవారుజామున అయిదున్నరకి ప్రాణం పోయింది. మన గడియారంలో పొద్దున పది. మర్నాడు లూర్దుమాత పండుగ, గుణదల కొండకి ఏడాది మొత్తంలో పెద్దరోజు. తనకి మేత్రాసనం ఇచ్చిన పోపు సంతాపమూ, మాత పండుగా బెజవాడకి ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

ప్రసంగం ఏమైందన్నది ఇంకో కథ. కార్డినల్ పచెల్లి అచ్చయిన ప్రతులన్నీ నాశనం చేయించారు. మూడు వారాల్లో ఆయనే పన్నెండో పయస్ అయ్యారు. ఆ ప్రసంగంలో కొంతభాగం 1959లో బయటికొచ్చింది. పూర్తి పాఠం 2006లో గానీ రాలేదు. ఇంతలో విషం కథ పుట్టింది. పోపుకి వైద్యం చేసినవాళ్ళలో ఫ్రాంచెస్కో పెతాచి ఒకరు. ముస్సోలినీ ప్రియురాలు క్లారా తండ్రి ఆయన. ఇంకేం కావాలి? ఫ్రెంచి కార్డినల్ తిస్సెరాంకి కూడా అనుమానం ఉండేదని 1972లో ఆయన పోయాక పత్రికలు రాశాయి. నాకు ఈ కథ మీద నమ్మకం లేదు. 81 ఏళ్ళు నిండి, ఒకే రోజు రెండు గుండెపోట్లు తట్టుకున్న మనిషికి విషం దండగ ఖర్చు. కానీ ఒక పెద్దాయన చెప్పాల్సిన మాట గొంతులో ఉండగానే పోతే జనం ఊరుకోరు, కారణం వెతుకుతారు.

పన్నెండో పయస్‌ని ఎక్కిళ్ళు పట్టి పీడించాయి. 1954లో అవి ఎంతకీ తగ్గకపోతే దేశదేశాల నుంచి చిట్కాలు రాసిన ఉత్తరాలు వాటికన్‌కి వెల్లువెత్తాయి. మనవాళ్ళయితే ఎవరో తలుచుకుంటున్నారు, మంచినీళ్ళు తాగించండి అని తేల్చేసేవాళ్ళు. అప్పటికి విజయవాడ రేడియో కేంద్రం వచ్చి ఆరేళ్ళు. 1963లో ఇరవై మూడో జాన్ కడుపులో క్యాన్సర్‌తో తీసుకున్నప్పుడు పంచాయతీ రేడియో ఉన్న ప్రతి ఊరికీ ఆ వార్త చేరే వీలుండేది.

దివిసీమకి సంబంధించినంత వరకు బెంగ పెట్టుకోదగ్గ జబ్బు పోపులది కాదు, మదర్ థెరీసాది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత సిస్టర్లను వెంటబెట్టుకుని మన తీరానికి వచ్చిన మనిషి ఆమె. 1996 ఆగస్టులో 86వ పుట్టినరోజు కోల్‌కతా ఆసుపత్రి మంచం మీదే గడిచింది. మలేరియా, న్యుమోనియా, గుండెజబ్బు. మరుసటేడు సెప్టెంబరు 5న పోయారు. ఉప్పెన చూసినవాళ్ళకి ఆమె ఫొటోలోని మనిషి కాదు. అందుకే ఇక్కడ ఆ వార్తని మతం అడ్డుపెట్టుకుని విన్నవాళ్ళు తక్కువ.

ఇక్కడ నా కథ కాస్త వెనక్కి వెళ్ళాలి. రెండో జాన్‌పాల్ 1992లో ఫిబ్రవరి 11ని రోగుల దినంగా ప్రకటించారు. గుణదల తిరునాళ్ళకి దానితో ఇంకో పేరు చేరింది. కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు ఆ పేరు పట్టించుకోకపోయినా, కొండెక్కేవాళ్ళలో సగంమంది వచ్చేది ఇంట్లో ఎవరి జబ్బో నయం కావాలనే. 2005లో ఆయనే రోగి అయ్యారు. ఫిబ్రవరి ఒకటిన ఆసుపత్రికి వెళ్ళి, గుణదల ఉత్సవాల మధ్య ఇంటికొచ్చి, 24న మళ్ళీ చేరారు. గొంతుకి రంధ్రం చేశారు. మార్చి 30న కిటికీ దగ్గరికొచ్చి మాట్లాడబోతే గొంతు రాలేదు. తెలుగులో ఇరవైనాలుగు గంటల వార్తా చానళ్ళు అప్పుడప్పుడే పుట్టాయి, ఆ కిటికీని తిప్పితిప్పి చూపించాయి. అంత బాధని అందరి ముందూ పడడం అవసరమా అని నొచ్చుకున్నవాళ్ళున్నారు, అదే ఆయన చేసిన చివరి బోధన అన్నవాళ్ళున్నారు.

పదహారో బెనెడిక్ట్ రెండో దారి చూపించారు. ఒంట్లో, మనసులో సత్తువ తగ్గిందని లాటిన్‌లో ప్రకటించి రాజీనామా చేశారు. తేదీ 2013 ఫిబ్రవరి 11. గుణదలలో ఆ సాయంత్రం ఉత్సవాల ఆఖరి పూట. మన ఊళ్ళలో ఆలయ ధర్మకర్త పదవైనా ఎవరూ అంత తేలిగ్గా వదలరు.

ఫ్రాన్సిస్ 2025 ఫిబ్రవరి 14న, తిరునాళ్ళు ముగిసిన మూడో రోజున, జెమెల్లీ ఆసుపత్రిలో చేరారు. మొదట బ్రాంకైటిస్ అన్నారు, తర్వాత రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. పొద్దున్నే వాటికన్ నుంచి రాత్రి ప్రశాంతంగా గడిచిందన్న ఒక్క వాక్యం వచ్చేది. ఆ వాక్యం మా వాట్సాప్ గ్రూపులకి చేరేలోపే ఆయన పోయారని, దాస్తున్నారని రెండు మూడు ఫార్వర్డులు తిరిగేవి. 1903లో తీగల మీద నడిచిన తొందరపాటు ఇప్పుడు జేబుల్లోకి వచ్చింది, అంతే.

మార్చి 6న ఆయన గొంతు రికార్డు చేసి వినిపించారు. స్పానిష్‌లో, అరనిమిషం కూడా లేదు. ఆదివారం పూజ అయ్యాక చర్చి వరండాలో ఓ కుర్రాడు ఫోన్‌లో దాన్ని పెట్టాడు. చుట్టూ అయిదారుగురం. ఒక్క ముక్కా ఎవరికీ అర్థం కాలేదు. జపమాల చేతికి చుట్టుకున్న ముసలమ్మ మాత్రం చెవి దగ్గర పెట్టించుకుని రెండోసారి విని, "మాట మధ్యలో ఊపిరి అందట్లేదురా ఆయనకి. మా ఆయనకీ ఆఖర్లో ఇట్టాగే ఉండేది. పక్కన ఎవరన్నా ఉంటన్నారా?" అంది. డాక్టర్ల ప్రకటనల్లో నేను చదివిన దానికన్నా ఆమె కనిపెట్టిందే ఎక్కువ.

మార్చి 23న ఆసుపత్రి బాల్కనీలోంచి చెయ్యూపి, గుంపులో పసుపు పూలు పట్టుకున్న ఓ ముసలావిడని గుర్తుపట్టి పలకరించి, ఇంటికి వెళ్ళారు. ఈస్టర్‌నాడు బండి మీద జనం మధ్య తిరిగారు. మర్నాటి పొద్దునకి లేరు. భారత ప్రభుత్వం మూడు రోజులు సంతాపం పాటించింది. రాష్ట్రపతి ముర్ము రోమ్ వెళ్ళారు. తర్వాతి పోపుని ఎన్నుకున్న కార్డినళ్ళలో మన పూల ఆంథోనీ గారు ఉన్నారు. నంద్యాల జిల్లా పోలూరులో పుట్టి హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయిన మొదటి తెలుగు కార్డినల్. జబ్బు కబురు కోసం నెలలు కాచుకున్న తెలుగువాళ్ళ తరఫున ఒకరు ఓటు వేసే గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

ఎన్నికైన పద్నాలుగో లియోకి అప్పటికి 69 ఏళ్ళు. టెన్నిస్ ఆడతారట. మా అరుగు మీద పెద్దలు ఆయన ఆరోగ్యం గురించి ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు.