తీగ, కడ్డీ, తాళం – గుంటూరు, ప్రకాశం సిగ్నళ్లపై సింహావలోకనం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైలు చరిత్ర అనగానే అందరికీ ముందు నల్లమలే గుర్తొస్తుంది. దొరబావి వంతెన, బొగద సొరంగం, దిగువమెట్ట అడవి, దొనకొండ ఇంజన్ షెడ్డు. అవన్నీ చెప్పుకోదగ్గవే. అయితే ఈ దారుల్లో ఏళ్ల తరబడి రైలుకు రైలు ఎదురుపడకుండా కాపాడినవాటిలో, పట్టాల పక్కన కప్పీల మీదుగా సాగిపోయి సిగ్నల్‌ను కదిలించే సన్నని ఇనప తీగ కూడా ఒకటి. దాని వెంట రోజూ నడిచి, వదులైతే బిగించి, బిగుసుకుంటే వదులు చేసి, ముళ్లకంప అడ్డొస్తే నరికిన సిగ్నల్ మెయింటైనరు, అతని ఖలాసీ గురించి మనం రాసుకున్నది తక్కువ.

ఈ చరిత్ర వెనక్కి తిరిగి చూస్తే నాకు బలంగా తోచేది ఒకటుంది. సిగ్నల్ పనిచేస్తున్నంతసేపూ పెద్దగా భయం లేదు. పాడైనా చాలావరకు రైలును ఆపేసేలాగే దాన్ని కట్టారు. అసలు గండం దాన్ని బాగుచేయడానికి విప్పిన ఆ గంటలో ఉంది. తీగల కాలంలోనూ అంతే, కంప్యూటర్ల కాలంలోనూ అంతే.

1876-78 నాటి ధాత కరువు తర్వాత, తిండిగింజలు చేరవేయడానికి దారి లేక జనం చనిపోయారన్న సంగతి ప్రభుత్వానికి బోధపడింది. ఆ నేపథ్యంలోనే సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వేసిన మీటర్‌గేజి లైను 1890 నాటికి కృష్ణ ఒడ్డును పడమటి తీరంలోని మర్మగోవా రేవుతో కలిపింది. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు ఆ దారిలోవే. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన పడింది. 1899లో బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసు లైను కలిసింది. 1916లో రేపల్లె శాఖ వచ్చింది, ఆ తర్వాత మాచర్ల దారి. కరువు గింజల కోసం వేసిన పట్టాల మీద పత్తి బేళ్లు, పొగాకు, పల్నాటి మిరప నడిచాయి. 2020 జులైలో గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చితో 16 పార్సిల్ పెట్టెల ప్రత్యేక రైలు బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది కూడా ఈ సీమ నుంచే.

ఆ తొలి రోజుల్లో సిగ్నల్ ఏర్పాట్లు చాలా పలచన. పక్క స్టేషన్ నుంచి తంతి మీద 'లైన్ క్లియర్' తెప్పించుకుని, కాగితం మీద రాసి డ్రైవరుకు ఇచ్చేవారు. రైలును పక్కనున్న లూప్ లైనుకు మళ్లించే పాయింటును తిప్పేది పాయింట్స్‌మన్ చెయ్యి. పాయింటు ఒకవైపు, సిగ్నల్ రెక్క ఇంకోవైపు చూపకుండా ఆ రెంటినీ కట్టిపడేసే ఇంటర్‌లాకింగ్ అప్పటికి ఇంగ్లండులో పాతబడింది. జాన్ సాక్స్‌బీ 1856లోనే పేటెంటు తీసుకున్నాడు. 1889లో ఐర్లండులోని ఆర్మా దగ్గర విహారయాత్ర రైలు పెట్టెలు వెనక్కి జారి ఇంకో రైలును గుద్దుకుని 80 మంది చనిపోయాక, బ్రిటన్ ఆ ఏడే చట్టం చేసి ఇంటర్‌లాకింగ్‌ను తప్పనిసరి చేసింది. మన దేశంలో 1890లలో లిస్ట్, మోర్స్ అనే ఇద్దరు తాళంచెవులతో నడిచే చవకైన పద్ధతి పెట్టారు. పాయింటు సరిగ్గా తిప్పి తాళం వేస్తే తప్ప తాళంచెవి బయటికి రాదు, ఆ చెవి తెచ్చి పెడితే తప్ప సిగ్నల్ రెక్క 'పో' అన్నట్టు కిందికి దిగదు. రోజుకు నాలుగైదు బండ్లు నడిచే చిన్న స్టేషనుకు అంతకు మించిన ఏర్పాటు అక్కర్లేదని నా అభిప్రాయం.

పెద్ద స్టేషన్లకు లివర్ల వరసలున్న కేబిన్లు వచ్చాయి. లివర్ల రంగే వాటి పని చెబుతుంది. ఎర్రవి సిగ్నళ్లవి, నల్లవి పాయింట్లవి, నీలివి పాయింటు తాళాలవి, తెల్లవి ఖాళీవి. నల్ల లివరు లాగి పాయింటు తిప్పాలి, నీలి లివరు లాగి తాళం వేయాలి, అప్పుడే ఎర్ర లివరు కదులుతుంది. కింద పెట్టెలో ఇనప పట్టీలు ఒకదాని గాడిలో ఒకటి పడి, తప్పు వరసను కేబిన్‌మన్ బలంతో కూడా జరగనివ్వవు. పాయింటు పక్కన రైలు పట్టెను ఆనుకుని లాక్ బార్ ఉంటుంది. తాళం తీయాలంటే ఆ బారు పైకి లేవాలి. మీద బండి చక్రం ఉంటే అది లేవదు. రెండు చక్రాల మధ్య ఉండగల దూరం కంటే బారు పొడవు ఎక్కువ, కాబట్టి బండి కింద పాయింటు తిరిగే ప్రసక్తే లేదు. కరెంటు చుక్క లేకుండా ఇదంతా చేసిన బుర్రలకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

కానీ ఈ యంత్రాలు పుట్టిన దేశపు వాతావరణం వేరు, మనది వేరు. 1876 జనవరిలో ఇంగ్లండులోని ఆబట్స్ రిప్టన్ దగ్గర మంచు పేరుకుని సిగ్నల్ రెక్క కిందికి వాలిన చోటే గడ్డకట్టింది. లివరు వెనక్కి వేసినా రెక్క లేవలేదు. వచ్చిన బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మాచర్ల దారిలోని రెంటచింతలలో మంచు ఎక్కడిది? రాష్ట్రంలో ఎండ మాట వస్తే ముందు వినిపించే ఊరు అది. అక్కడ పగ తీగకూ వేడికీ మధ్య. అర కిలోమీటరు ఉక్కు తీగ, తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా అనుకోండి. తీగ సుమారు 12 సెంటీమీటర్లు సాగుతుంది. లివరు లాగితే తీగ కదిలే దూరమే కొద్ది, అందులోంచి ఇంత పోతే రెక్క సగంలోనే ఆగిపోతుంది. డ్రైవరు దాన్ని ఆగమన్నట్టే తీసుకుంటాడు కాబట్టి అది ఆలస్యంతో పోతుంది. మధ్యాహ్నం బిగించిన తీగను అలాగే వదిలేస్తే మాత్రం రాత్రి చలికి అది కుంచించుకుని, ఎవరూ లాగకుండానే రెక్కను కాస్త కిందికి వంచుతుంది. అది ప్రాణాల మీదికొచ్చే తప్పు. అందుకే కేబిన్ దగ్గర తీగకు సర్దుబాటు మర ఉంటుంది. ఎండ మారినప్పుడల్లా దాన్ని తిప్పి చూడాలి. రెక్క వెనక చిన్న తెల్లదీపం కూడా అందుకే. రెక్క పైన ఉంటేనే అది స్టేషన్ వైపు కనబడుతుంది, రెక్క దిగితే మూసుకుపోతుంది.

రెండో శత్రువు నేల. పత్తికి ప్రాణమైన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పాయింటు కడ్డీ నేరుగా సాగాలంటే దాని కింది రోలరు దిమ్మెలు ఒకే మట్టంలో ఉండాలి. రేగడిలో ఒక వానాకాలం గడిస్తే ఒక దిమ్మె లేస్తుంది, ఇంకోటి కుంగుతుంది. కడ్డీ వంగి, లివరు బరువెక్కి, పాయింటులో కదిలే నాలుక పట్టెకు పూర్తిగా ఆనదు. సిగ్నల్ స్తంభమే పక్కకు ఒరిగితే తీగ లెక్కలన్నీ తారుమారు. ఇక సర్కారు తుమ్మ కొమ్మ కప్పీలో చిక్కుకుంటే ఆబట్స్ రిప్టన్‌లో మంచు చేసిన పనే అది చేస్తుంది. తీరం వైపు ఉప్పుగాలి తుప్పు ఉండనే ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన లాంటిది వచ్చిపోయాక బాపట్ల, రేపల్లె వైపు తంతి స్తంభాలు కూలి, ఊళ్లకు బయటి ప్రపంచంతో మాటే తెగిపోయింది. అలాంటి గాలి తర్వాత ప్రతి స్తంభం, ప్రతి కప్పీ కళ్లతో చూస్తే గాని ఏ రెక్కనూ నమ్మకూడదు.

పనిలోకి దిగే గంట ఎలా గడుస్తుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. పాయింటు తాళం విప్పి శుభ్రం చేయాలి. మెయింటైనరు ముందు స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్లి డిస్‌కనెక్షన్ మెమో ఇస్తాడు. ఏ పాయింటు, ఏ సిగ్నళ్లు, ఎంతసేపు అన్నది రాసి ఉంటుంది. మాస్టరు సంతకం పెట్టేదాకా పానా బయటికి తీయకూడదు. ఆ సంతకంతో ఆ పాయింటుకు సంబంధించిన సిగ్నళ్లన్నీ పనిలో లేనట్టే. తర్వాత పాయింటు నాలుకను పట్టెకు క్లాంపుతో బిగించి తాళం వేస్తారు, తాళంచెవి మాస్టరు దగ్గర ఉంటుంది. కేబిన్‌లో ఆ లివరు మెడలో కాలరు తగిలిస్తారు, కేబిన్‌మన్ మరిచిపోయి లాగకుండా. నాలుకకూ పట్టెకూ మధ్య గ్రీజు రాసే వేళ్ల పక్కన చెక్క దిమ్మ పెట్టుకోవాలి. ఇది పెట్టుకోనివాడి చేయి సంగతి చెప్పనవసరం లేదు. బండి వస్తే రాతపూర్వక అనుమతితో, పచ్చజెండాతో నెమ్మదిగా పంపుతారు.

పని అయ్యాక పరీక్ష. నాలుక కొనకు దగ్గరలో, నాలుకకూ పట్టెకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఇనప బిళ్ల పెట్టి లివరు లాగుతారు. తాళం పడకూడదు. పడిందంటే ఆ పాయింటు అబద్ధం చెబుతున్నట్టే, మళ్లీ విప్పాలి. పడకపోతేనే రీకనెక్షన్ మెమో, మళ్లీ సంతకాలు. కొత్తవాళ్లకు ఈ రాతకోతలు చాదస్తంగా తోచవచ్చు. నా మట్టుకు నాకు సిగ్నల్ శాస్త్రంలోని అసలు గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. ఇద్దరు మనుషులకు తెలియకుండా ఒక బోల్టు కూడా వదులు కాకూడదని ఎవరో గట్టిగా పట్టుబట్టారు.

ఒంటి లైన్ల మీద బంతి టోకెన్ ఇంకో కథ. నీల్స్ పరికరంలో ఉక్కు బంతులు ఉంటాయి. పక్క స్టేషన్ సమ్మతి కరెంటుగా వస్తేనే ఒక బంతి బయటపడుతుంది, అది తిరిగి ఏదో ఒక వైపు పరికరంలో పడేదాకా రెండోది రాదు. తోలు సంచిలో బంతి, బెత్తపు చక్రం, కదిలే బండి నుంచి ఒకటి విసిరి ఒకటి అందుకోవడం చూడని పాత మీటర్‌గేజి ప్రయాణికుడు ఉండడు. బంతులన్నీ ఒకవైపే చేరిపోతే, లెక్క రాసి సంతకాలతో వాటిని మార్చే అధికారం మెయింటైనరుది. 1921లో వేల్స్‌లోని అబెర్ములే దగ్గర, బంతికి బదులు బిళ్లనిచ్చే ఇలాంటి యంత్రమే నిక్షేపంగా పనిచేసింది. ఏ బిళ్ల చేతిలో పడిందో ఎవరూ చదవకపోవడంతో రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొని 17 మంది పోయారు.

దక్షిణ రైల్వే 1951లో, దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న వచ్చాయి. 1957లో సికింద్రాబాద్‌లో మొదలైన ఇరిసెట్ దేశంలోని సిగ్నల్ ఇంజనీర్లందరికీ బడి అయింది. 1980 నాటికి మద్రాసు లైను మీద 25 కిలోవోల్టుల కరెంటు తీగ పడటంతో సిగ్నల్ తీగలకు, కడ్డీలకు మధ్యమధ్య ఇన్సులేటర్లు బిగించాల్సి వచ్చింది. పాత పనికి కొత్త భయం తోడైంది. 1990లలో గుంతకల్ దారి బ్రాడ్‌గేజి అయ్యాక దొనకొండ షెడ్డు పనీ ముగిసింది. 2003 ఏప్రిల్ 1న గుంటూరు డివిజన్ ఏర్పడింది. రెక్కల స్థానంలో రంగు దీపాలు, లివర్ల స్థానంలో ప్యానెళ్లు, ఆ పైన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్. దేశంలో 6,600 పైచిలుకు స్టేషన్లకు ఈ రెంటిలో ఏదో ఒకటి చేరింది. ఒకే లైనులో బండ్లు ఎదురుపడితే వాటంతటవే ఆగేలా చేసే కవచ్‌ను 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద మధ్య నడిపి చూపింది కూడా దక్షిణ మధ్య రైల్వేనే. ఎండ తీగను సాగదీసే బాధ పోయింది. ఇది కచ్చితంగా మేలే.

పోనిది ఆ విప్పిన గంట. 1988 డిసెంబరు 12న లండన్ క్లాఫం జంక్షన్ దగ్గర రైళ్లు ఢీకొని 35 మంది చనిపోయారు. కొత్త వైరింగు వేసినవాడు పాత వైరును ఒక కొసన పూర్తిగా తీయకుండా వదిలేశాడు, అది తగిలి ఎర్రదీపం వెలగాల్సిన చోట వెలగలేదు. పనిని రెండో మనిషి పరీక్షించలేదు. వైరింగు వేసినవాడు 13 వారాల్లో ఒక్క రోజే సెలవు తీసుకున్నాడని విచారణలో తేలింది. 1999 ఆగస్టు 2న గైసల్ దగ్గర రెండు రైళ్లు ఢీకొని 280 మందికి పైగా బలయ్యారు. దగ్గర్లోని కిషన్‌గంజ్‌లో సిగ్నల్ మార్పుల కోసం ఇంటర్‌లాకింగ్ తీసేసి చేతులతో నడుపుతున్న రోజులవి. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్‌లో సిగ్నల్ మెయిన్ లైను చూపింది, పాయింటు లూప్ లైనుకు ఉంది. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర సిగ్నల్ సర్క్యూట్లలో చేసిన మార్పుల్లో లోపాలు జరిగాయని రైల్వే భద్రతా కమిషనరు తేల్చారు. 290 మందికి పైగా పోయారు. పాయింటు దగ్గర పెట్టి చూసే ఆ 5 మిల్లీమీటర్ల బిళ్ల లాంటి పరీక్ష ఒక్కటి, వైర్ల పెట్టె దగ్గర ఓపిగ్గా జరిగి ఉంటే చాలునన్నది నా నమ్మకం.

ఇప్పుడు గుంటూరు, గుంతకల్ మధ్య రెండో లైను పనులు సాగుతున్నాయి. స్టేషన్ తర్వాత స్టేషనులో సిగ్నళ్లు విప్పి మళ్లీ కట్టాలి. 'నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల వల్ల పలు రైళ్లు రద్దు' అని పేపర్లో చూసినప్పుడు మనకు విసుగొస్తుంది. రైల్వే పెద్దలకు నా మనవి ఒకటే: ఆ పనికి అడిగినంత సమయం ఇవ్వండి, పనిచేసేవాడికి నిద్ర, సెలవు ఇవ్వండి, పరీక్ష పూర్తికాకుండా ఏ బండి కోసమూ సంతకం అడగకండి. ప్రయాణికులారా, ఆ రోజు బండి దొరక్కపోతే బస్సెక్కుదాం. మెయింటైనరును తొందరపెట్టే ఒత్తిడి మన వైపు నుంచి మాత్రం రాకూడదు.