సాపరా భాషాక్షీణత: చారిత్రక కారణాలు

ఈక్వెడార్, పెరూ దేశాల అమెజాన్ అడవులలో నివసించే ఆదివాసీ జాతి సాపరా. సాపరో కుటుంబానికి చెందిన వీరి భాష నేడు అంతరించే దశలో ఉంది. ఈ క్షీణతను భాషాభిమాన లోపంగా భావించడం చరిత్రకు విరుద్ధం.

19వ శతాబ్ది చివరలో విజృంభించిన రబ్బరు వ్యాపారం ఆ ప్రాంతానికి వెట్టిచాకిరిని, బలవంతపు తరలింపులను తెచ్చింది. అంటువ్యాధులు జనసంఖ్యను మరింత తగ్గించాయి. మిగిలినవారిలో అనేకులు కిచువా భాషీయులతో వియ్యమంది, ఆ భాషలోనే పిల్లలను పెంచారు. మనుగడ కోసం జరిగిన మార్పు ఇది. 1941 నాటి యుద్ధం, 1942 నాటి రియో ఒప్పందం తరువాత సరిహద్దు కట్టుదిట్టమై, ఇరువైపుల బంధువుల మధ్య రాకపోకలు తెగిపోయాయి.

2001లో యునెస్కో సాపరా మౌఖిక వారసత్వాన్ని మానవాళి మహత్తర సంపదగా ప్రకటించింది. అప్పటికి వారి జనాభా 300కు మించలేదు. భాష మాట్లాడగలవారు 70 ఏళ్లు పైబడిన ఐదుగురే. 2008 నాటి ఈక్వెడార్ రాజ్యాంగం కిచువా, షువార్ భాషలను జాతుల మధ్య అనుసంధాన భాషలుగా గుర్తించి, ఇతర ఆదివాసీ భాషలకు ఆయా జాతుల ప్రాంతాలలో అధికార వినియోగాన్ని కల్పించింది. సాపరాను ఇళ్ల నుండి తొలగించిన కిచువాకే విస్తృత హోదా దక్కడం గమనార్హం.

వృద్ధుల మాటలను నమోదు చేస్తే భాషకు ఆధారాలు మిగులుతాయి. అది పిల్లల నోటికి తిరిగి చేరినప్పుడే రాజ్యాంగ హక్కుకు సార్థకత.