ఆటల పీరియడ్‌లో ఫోను: ముప్పాళ్ళ వంటి బడుల్లో విద్యార్థి ఆసక్తిపై ఒక పరిశీలన

వ్యాయామ విద్యలో సాంకేతికత అనగానే గుండె వేగం లెక్కించే బెల్టులు, అడుగులు లెక్కపెట్టే చేతి గడియారాలు చర్చకు వస్తాయి. పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం వంటి పల్లె ప్రాంతానికి ఆ చర్చ దూరం. సర్కారు బడి మైదానంలో సాధారణంగా కనిపించేవి సున్నపు గీతలు, పీఈటీ సార్ విజిల్, ఆయన జేబులోని ఫోను. ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చుండిపోయే పిల్లను ఆ ఒక్క ఫోను బరిలోకి రప్పించగలదా అన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో బడికి చేరిన పరికరాలు తక్కువేమీ కావు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. 2023లో సర్కారు బడుల బాగుకు చేపట్టిన నాడు-నేడు పథకం కింద ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు గోడకెక్కాయి. రెండూ తరగతి గది కోసం వచ్చినవే. మైదానం కోసం వచ్చింది ఖేలో ఇండియా యాప్, 2019లో. నాలుగో తరగతి నుంచి పిల్లల 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, వంగే శక్తి, పుష్-అప్‌లు అందులో నమోదవుతాయి. అంకెలు దొరకడం మంచిదే, వాటిని వాడే తీరులోనే చిక్కుంది. మనస్తత్వవేత్తలు డెసీ, రయాన్‌ల స్వీయ నిర్ణయ సిద్ధాంతం ప్రకారం ఆసక్తి నిలవాలంటే తనకు చేతనవుతోందన్న నమ్మకం, తన ఎంపికకు చోటు, తోటివారితో కలుపుగోలుతనం ఉండాలి. 600 మీటర్లలో చివర వచ్చిన పిల్ల సమయాన్ని అందరి ముందు చదివితే ఈ మూడూ ఒకేసారి పోతాయి. అదే అంకెను ఆమె పోయిన నెల సమయం పక్కన పెట్టి ఆమెకే చూపితే సంగతి వేరు.

కబడ్డీలో ఫోను విలువ ఇంకా తేటగా తెలుస్తుంది. ఎదుటి జట్టులో కనీసం ఆరుగురు ఉన్నప్పుడు, కూతకు వెళ్ళినవాడు ఒక కాలు బోనస్ గీత దాటించి మోపాలి, ఆ క్షణాన రెండో కాలు గాలిలో ఉండాలి. అప్పుడే బోనస్ పాయింటు. ఆ రెండో కాలు దగ్గరే తగువులన్నీ. మామూలు కంటికి అందనిది ఫోనులో తీసిన వీడియోను స్లోమోషన్‌లో చూస్తే ఆరో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. 'నీకు రాదు' అన్న మాట పోయి 'మడమ ముందే ఆనింది' అన్న మాట వస్తుంది. దిద్దుకోగల తప్పును చూసిన పిల్లవాడు మళ్ళీ కూతకు వెళ్తాడని నా అభిప్రాయం.

అడ్డంకి వేరే చోట ఉంది. 2023 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం యునెస్కో నివేదికను ప్రస్తావిస్తూ బడుల్లో విద్యార్థుల ఫోన్లు నిషేధించింది, ఉపాధ్యాయుల వాడకానికీ హద్దులు పెట్టింది. ఉద్దేశం సబబే. కానీ వ్యాయామ ఉపాధ్యాయుడికి కెమెరా బంతిలాంటి పరికరమే. సొంత ఫోనుకు మినహాయింపు అడగడం కన్నా బడి ట్యాబునే మైదానానికి తేవడం మేలు. ఆడపిల్లల వీడియోల విషయంలో ఇది మరీ ముఖ్యం: అవి ఏ వాట్సాప్ గ్రూపుకూ వెళ్ళకూడదు, ఆ రోజే చెరిపేయాలి, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

రెంటచింతల ఎండలకు పేరుపడ్డ జిల్లా ఇది. వేసవి మధ్యాహ్నాల్లో మైదానం పనికిరాదు. పొద్దున తీసిన కూతలను అప్పుడు ప్యానెల్ మీద వేసి చర్చించవచ్చు. చిత్రీకరణ పని మాత్రం సార్‌ది కాకూడదు, ఆయన కళ్ళు ఆట మీదే ఉండాలి. ట్యాబును ఆ రోజు ఆడనంటున్న పిల్ల చేతికే ఇవ్వాలి. బోనస్ వచ్చిందో లేదో ఆమె చెప్పాలి, రెండు జట్లూ ఆ తీర్పు వినాలి.